నీళ్ళు తేటపడేదాకా

లింగసుగూరు బస్టాండులో రాయచూరు బస్సు కోసం నిలబడి మిర్చి బజ్జీ తింటున్నప్పుడు ఆ సంగతి తెలిసింది. చెప్పినవాడు మా కరెంటు ఫ్యాక్టరీలో నది గ్యాంగులో పనిచేసి రిటైరయిన మనిషి. ముదగల్లులో కూతురింటికి పోతున్నాడట. నన్ను గుర్తుపట్టి దండం పెట్టాడు. మోకాళ్ళ నొప్పులతో మొదలుపెట్టి అందరి బాగోగులూ చెప్పుకొచ్చి, మధ్యలో ఎక్కడో ఆయన మాట తెచ్చాడు.

"గాయన పొయ్యిండు గద సారూ. నాలుగు నెల్లాయె. మీకు తెల్వదా?"

బస్సు వెళ్ళిపోయిందని చెప్పినట్టు చెప్పాడు. బజ్జీ నా చేతిలోనే ఉండిపోయింది. నాలుగు నెలలు! ఈ నాలుగు నెలల్లో నేను రాయచూరులో పళ్ళు కట్టించుకున్నాను. మనవరాలి పుట్టినరోజుకు వెళ్ళొచ్చాను. రోజూ పొద్దున పేపరు చదివాను. ప్రతి శనివారమూ, రేపు వెళ్ళి ఆయనను చూసి రావాలని అనుకున్నాను. గంట ప్రయాణం కూడా కాదు. ఆదివారం వచ్చేది, ఏదో ఒక పని కల్పించుకునేవాణ్ణి.

నేను ఆయనకు ఒక మాట చెప్పాల్సి ఉంది. ఆయన బతుకును తలకిందులు చేసిన కాగితం ఒకటుంది. దాన్ని రాసింది నేను. ఆ సంగతి ఆయనకు తెలియదు. రాసింది నేనేనని చెప్పి, తప్పయిందని అనాలి. ఆ ఒక్క మాట కోసం పదకొండేళ్ళు రోజూ ఆయన పక్కన నిలబడ్డాను, రిటైరయ్యాక మరో ఆరేళ్ళు వాయిదా వేశాను. ఇప్పుడు బస్టాండులో ఎవరో వచ్చి, ఇక ఆ అవసరం లేదన్నట్టు చెప్పి, ముదగల్లు బస్సెక్కి వెళ్ళిపోయాడు. అక్కడే సిమెంటు బల్ల మీద కూర్చుండిపోయాను. నా బస్సు వచ్చి వెళ్ళిపోయింది కూడా.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఒకసారి ఒక కాగితం మీద ఆ పేరు రాశాను. అది చాలు.

నేను గుంటూరు వైపు నుంచి వచ్చినవాణ్ణి. కృష్ణ ఒడ్డున పొగగొట్టాలు ఒకదాని తర్వాత ఒకటి లేస్తున్న రోజుల్లో నీళ్ళ ల్యాబులో కెమిస్టుగా చేరాను. నది నీళ్ళు బాయిలర్లోకి పోయేలోపల శుభ్రం కావాలి. రోజూ పొద్దున ఆ నీళ్ళలో బురద ఎంత ఉందో కొలిచి, దానికి తగినంత పటిక కలపమని చెప్పటం నా పని. నది దగ్గరికి వెళ్ళి సీసాలో నీళ్ళు పట్టుకురావటం, గాజు సామాను కడగటం ఆయన పని. నా ఈడువాడే, రాయచూరు వైపు మనిషి. ఖాకీ చొక్కా జేబులో ఎప్పుడూ ఒక వేపపుల్ల ఉండేది. నది కనిపించగానే చెప్పులు విప్పి చంకలో పెట్టుకునేవాడు. వాటిని ఒడ్డున వదిలేయొచ్చు కదా అంటే, కుక్కలు ఎత్తుకపోతాయనేవాడు. మరి వేసుకునే నడవొచ్చు కదా అంటే, నన్నొక వింతమనిషిలా చూసేవాడు.

నీళ్ళు పట్టే సీసాను అవే నీళ్ళతో మూడుసార్లు తొలిచి, నాలుగోసారి నింపాలి. పాత నీళ్ళ మరక కొత్త నీళ్ళకు అంటకూడదని మా పద్ధతి. చేరిన కొత్తలో నేను పెద్ద పంతులుగారిలా అది చెప్పబోతే, తాను ఎప్పట్నుంచో అట్లనే చేస్తున్నానన్నాడు. మొదటి సీసా ఇచ్చిన తల్లికే వాపసట. రెండోది కింది ఊళ్ళవాళ్ళకు. మూడోది నోరులేని జీవాలకు. నాలుగోదే మనదట. ఏ లెక్కన తొలిస్తేనేం, తొలుస్తున్నాడు కదా అనుకుని లోపల నవ్వుకున్నాను.

నదితో తెలుగులో మాట్లాడేవాడు. కొంగలతో, నీటికాకులతో కన్నడం. "ఏనప్పా, ఊట ఆయ్తా?" అని భోజనమైందా లేదా కనుక్కునేవాడు. పంపుహౌసుకు ఎదురుగా ఉన్న బండమీద ఎండ కాచుకునే ముసలి మొసలితో మాత్రం ఉర్దూ. "సలాం సాబ్, తబియత్ ఠీక్?" అని ఆరోగ్యం కనుక్కుంటూ దూరం నుంచే నుదుటికి చెయ్యి ఆనించేవాడు. దానికి ఉర్దూ ఎందుకయ్యా అంటే, అది నిజాం కాలం నుంచి ఉన్నట్టుందనీ, అప్పటి జాగీర్దారు లెక్క పడుకుంటుందనీ, తెలుగులో పలకరిస్తే చిన్నతనమనుకుంటుందేమోననీ వివరించాడు. ల్యాబులో ఇది పెద్ద వేడుక. మా వాళ్ళు కొత్తగా ఎవరొచ్చినా ముందు ఆ కథ చెప్పేవాళ్ళు.

మధ్యాహ్నం జొన్నరొట్టెల డబ్బా తెరిచేముందు మరో తంతు ఉండేది. ఆ రోజు కొత్తగా ఏం చూశాడో ఒకటి చెప్పాలి, చెప్పి "శరణు" అనాలి, అప్పుడే రొట్టె తుంచాలి. ఎవరు వింటున్నారన్నది లేదు. ఎదురుగా ఎవరూ లేకపోతే బీకర్లు పెట్టే చెక్క బీరువాకు చెప్పేవాడు. జిల్లేడు పువ్వులో చీమ నిద్రపోతోందనో, తుమ్మాకుల మీద పడ్డ బూడిదలో పిట్ట కాళ్ళ గుర్తులున్నాయనో, ఇలాంటివే. నిన్న చెప్పింది ఇవాళ చెప్పేవాడు కాదు. నేను అవన్నీ విని విసుక్కునేవాణ్ణి. చదువుకుని ఇంత దూరం వచ్చింది చీమల సంగతులు వినటానికా అనిపించేది.

నా విసుగుకు అసలు కారణం వేరే. నది దగ్గర్నుంచి రోజూ ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చేవాడు. పోయి, ముంచి, రావటానికి పావుగంట పట్టాలి. ఆయనకు అరగంట దాటేది. ఒకరోజు కిటికీలోంచి చూశాను. మోకాళ్ళలోతు నీళ్ళలో చేతులు కట్టుకుని నిలబడి, పెదవులు కదుపుతూ ఉన్నాడు. మెడకు తాడు కట్టిన సీసా భుజానికి వేలాడుతోంది, ఖాళీగా.

ఆ తర్వాత కొన్నాళ్ళకు ఒక పెద్ద ఆఫీసరు పొద్దున్నే ల్యాబుకొచ్చాడు. బురద లెక్క ఏదన్నాడు. నీళ్ళే ఇంకా రాలేదు. అందరి ముందూ నన్ను కడిగేశాడు. సీసాతో ఆయన నది నుంచి వచ్చేసరికి గంట దాటింది. ఎందుకింత ఆలస్యమని నేను అడగను కూడా లేదు. కాగితం తీసుకుని ఇంగ్లీషులో ఫిర్యాదు రాశాను. పని వదిలి నది ఒడ్డున నీళ్ళతోనూ పక్షులతోనూ మాట్లాడుతూ కాలం గడుపుతాడని రాశాను. అక్కడితో ఆపినా బాగుండేది. మతిస్థిమితం మీద అనుమానముందని చివర ఒక వాక్యం చేర్చాను. ఆ వాక్యం రాస్తున్నప్పుడు నాకు ఎంత తృప్తిగా ఉందో ఇప్పటికీ గుర్తుంది. సిగ్గుచేటు, అయినా చెప్పాలి.

వారం తిరగకుండా ఆయనను ల్యాబు నుంచి తీసేసి నది గ్యాంగులో వేశారు. పంపుల ముందుండే ఇనుప జాలీలకు పట్టిన నాచు, చెత్త లాగి పారేసే పని. ల్యాబు పనికి క్వార్టరుంటుంది, గ్యాంగు పనికి లేదు. ఒక సాయంత్రం వాళ్ళ సామాను ఎడ్లబండి మీద గేటు దాటిపోవటం చూశాను. ఒక మంచం, ఒక పెట్టె, ఇత్తడి బిందెలు. నేను టీ తాగుతూ చూశాను.

కొత్తగా వచ్చిన అటెండరు బంగారం లాంటివాడు. నా టీ అయ్యేలోపల నీళ్ళ సీసా బల్ల మీద ఉండేది. నాలుగు రోజులు నా అంత సుఖపడ్డవాడు లేడు. ఐదో రోజుకు గానీ లెక్కలు తప్పుతున్నాయని నాకు తట్టలేదు. నది చూస్తే మామూలుగానే ఉంది, సీసాలో బురద మాత్రం మూడింతలు కనిపిస్తోంది. నేను పటిక పెంచాను. నీళ్ళు ఇంకా చెడిపోయాయి. తగ్గించాను, మరుసటి రోజు మళ్ళీ పెంచాను. మిషను పాడయిందనుకున్నాను. ఎగువన వానలనుకున్నాను. పది రోజులు తిట్లు తిని, చివరికి ఒకరోజు నేనే నదికి వెళ్ళాను.

కొత్తతను గబగబా నీళ్ళలోకి దిగాడు. కాళ్ళ చుట్టూ బురద లేచింది. ఆ లేచిన బురదలోనే సీసా ముంచి, మూతబెట్టి, గట్టెక్కాడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. పది రోజులుగా నేను కొలుస్తున్నది నదిని కాదు, ఇతని కాలి కింద లేచిన బురదని.

జాలీ దగ్గర నాచు లాగుతున్న ఆయన అంతా చూస్తూనే ఉన్నాడు. కొక్కెం కర్ర పక్కన పెట్టి వచ్చాడు. నా చేతిలో మరో సీసా ఉంటే అడక్కుండా తీసుకుని నీళ్ళలోకి నడిచాడు. మోకాళ్ళలోతుకు పోయి ఆగాడు. కాళ్ళ చుట్టూ మబ్బులా లేచిన బురద నెమ్మదిగా కిందికి కొట్టుకుపోతోంది. ఆయన పెదవులు కదుపుతున్నాడు. ఎంతసేపు! చివరికి నీళ్ళు తేటపడి ఆయన కాలివేళ్ళు నాకు గట్టు మీదికి కనిపించాయి. అప్పుడు మూడుసార్లు తొలిచి, నాలుగోసారి నింపి తెచ్చిచ్చాడు.

"మన కాలు రేపిన బురద పొయ్యేదాక ఆగాలె సారూ. లేకుంటే అవి నది నీళ్ళు గావు, మన కాలి నీళ్ళు," అన్నాడు. "ఊకనే నిలబడితే కాళ్ళు గుంజుతయి. అందుకే ఏదన్న సూస్కుంట, తల్లికి షుకర్ జెప్పుకుంట నిలబడ్త." షుకరంటే ఆయన మాటల్లో కృతజ్ఞత.

ల్యాబుకొచ్చి కొలిచాను. పాత లెక్కే వచ్చింది, చుక్క తేడా లేకుండా. నేను ఏ ఇరవై నిమిషాలను సోమరితనమని రాశానో, నా ఉద్యోగం మొత్తం నిలబడింది ఆ ఇరవై నిమిషాల మీద. ఎవరికి మతి లేదని రాశానో, ఆ ఫ్యాక్టరీలో నదిని సరిగ్గా కొలిచిన మనిషి ఆయనొక్కడే.

ఫిర్యాదు వెనక్కి తీసుకోవాలని మా పైఅధికారిని అడిగాను. తీసుకోవచ్చు, కానీ నీ ఫిర్యాదు తప్పని నువ్వే రాసివ్వాలి, అది నీ ఫైల్లోకి పోతుంది అన్నాడు. ఆ ఏడాది నా ప్రమోషను ఉంది. రేపు రాస్తానన్నాను. ఆ రేపు రాలేదు. దానికి బదులు, నీళ్ళు నేనే తెచ్చుకుంటానని ఒప్పించి, మర్నాటి నుంచి రోజూ నదికి వెళ్ళటం మొదలుపెట్టాను. అదొక ప్రాయశ్చిత్తమని నన్ను నేను మభ్యపెట్టుకున్నాను. ఆయన జాలీ పని మొదలుపెట్టేముందు వచ్చి నా పక్కన నీళ్ళలో నిలబడేవాడు. అలా పదకొండేళ్ళు.

బురద పోయేలోపల నాకు పరీక్ష ఉండేది.

"ఇయ్యాల ఏం జూసినవ్ సారూ?"

మొదట్లో నేను, సూర్యుడు వచ్చాడయ్యా అనేవాణ్ణి. సూర్యుడు రోజొస్తడు, ఇవాళ వచ్చినప్పుడు ఏం చేసిండో చెప్పమనేవాడు. నీళ్ళు చల్లగా ఉన్నాయంటే, నిన్న కూడా ఇదే చెప్పావనేవాడు. నిన్నటిది ఇవాళ చెప్తే తల్లికి సద్దన్నం పెట్టినట్టట. నాకు రోషం వచ్చేది. పట్టా పుచ్చుకున్న కెమిస్టుని, నాచు లాగే మనిషి దగ్గర రోజూ ఫెయిలవుతున్నాను. ఆ రోషంతోనే చూడటం మొదలుపెట్టాను. ఒకరోజు, ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ కాలు మార్చుకునేముందు, ఎవరైనా చూస్తున్నారా అన్నట్టు అటూ ఇటూ చూసిందని చెప్పాను. ఆయన నీళ్ళలో నిలబడే పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వి, చేతులు జోడించి, నా తరఫున తానే "శరణు తల్లీ" అన్నాడు. నేను పాసయ్యాను. ఆ రోజంతా నాకు ఎందుకో ఆకలి బాగా వేసింది.

తర్వాత్తర్వాత నాకే తెలియకుండా అది అలవాటయింది. దారిలోనే వెతుక్కుంటూ వెళ్ళేవాణ్ణి. జాలీ మీద సాలెగూటికి మంచుబొట్లు ఎన్ని వరసలున్నాయో, లకుముకి పిట్ట చేపను ఎన్నిసార్లు బండకేసి కొట్టిందో, గిజిగాడు గూటిలో ఏ రంగు దారం దూర్చిందో. ఒక ఎండాకాలం నది చిక్కిపోయి, మేం నిలబడే చోట బండలు బయటపడ్డాయి. ఇవాళ షుకర్ చెప్పటానికి ఏం మిగిలిందయ్యా అని ఎగతాళి చేశాను. ఆయన నన్ను చెయ్యి పట్టుకుని తీసుకుపోయి, బండల మీద నీళ్ళు చెక్కిన గుంటలు చూపించాడు. చిన్నవి, పెద్దవి, గిన్నెల్లా నునుపుగా ఉన్నాయి. నిండా ఉన్నప్పుడు ఈమె ఏం పని చేస్తుందో ఇప్పుడే కదా తెలిసేది అన్నాడు. ఆ రోజు ఇద్దరం గుంటల్లో మిగిలిపోయిన చేపపిల్లల్ని ల్యాబు బకెట్టుతో పాయలోకి చేరవేశాం. నా షిఫ్టు మొత్తం దానికే పోయింది. ఎవరూ నా మీద ఫిర్యాదు రాయలేదు.

ఇంకొక పొద్దుంది. మేం నిలబడటం మొదలై ఏడెనిమిదేళ్ళయి ఉంటుంది. గట్టు మీద తీతువు పిట్ట మా తలల మీద తిరుగుతూ ఒకటే అరుపు. అపశకునమని అందరూ తరిమే పిట్ట. దాన్ని చూస్తూ ఆయన ఒక సంగతి చెప్పాడు. ఒకప్పుడు ఇది సరిగ్గా దారి మధ్య కంకరలో గుడ్లు పెట్టిందట. కంకరకూ గుడ్లకూ తేడా తెలియదు, కాలు పడితే అంతే. అందుకని ఆ రోజు రాళ్ళు తెచ్చి చుట్టూ పేర్చి, తాను ముళ్ళకంప వైపు నుంచి చుట్టు తిరిగి వెళ్ళాడట. గంట ఆలస్యమైందట.

"ఎప్పుడు?" అన్నాను.

"గా పెద్ద సాబు ల్యాబుకొచ్చిన నాడు," అన్నాడు, నీళ్ళలోకి చూస్తూ.

చెప్పెయ్యాలి, ఇప్పుడే చెప్పెయ్యాలి అనుకున్నాను. నోరు తెరిచాను. ఆయన తల తిప్పకుండా ఆగాడు. చాలాసేపు ఆగాడు. నా నోట్లోంచి వచ్చింది మాత్రం, గుడ్లు పిల్లలయ్యాయా అన్న ప్రశ్న.

"మూడు అయినయి," అన్నాడు. ఇంకాసేపు చూసి, సీసా తీసుకుని మూడుసార్లు తొలవటం మొదలుపెట్టాడు.

బస్టాండులో ఆ వార్త విన్న మర్నాడు పొద్దున్నే బయల్దేరాను. ఆయన ఊరు నది గట్టుకు పైనుంది. ఎక్కడ నిలబడినా పొగగొట్టాలు కనిపిస్తాయి. ఎన్నేళ్ళు పక్కపక్కన నిలబడ్డా ఆయన ఇంటికి నేను ఎన్నడూ రాలేదు. ఇల్లు అడుక్కుంటూ వెళ్ళాను. ఆయన భార్య వాకిట్లో కూర్చుని కంది పప్పు చెరుగుతోంది. సన్నటి మనిషి, మెడ కొంచెం ముందుకు వంగి ఉంది. ల్యాబు సారునని చెప్పాను. చేట పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది. లోపలికి పోయి, ఆ వైపు పద్ధతి ప్రకారం, చిన్న బెల్లం ముక్క, చెంబు నీళ్ళు తెచ్చి నా ముందు పెట్టింది.

బెల్లం నోట్లో వేసుకుని నీళ్ళు తాగాను. నాలుక మీద ఉప్పు తగిలింది. జన్మంతా నీళ్ళు పరీక్షించిన నాలుక, దానికి తెలిసిపోతుంది. ఇవి నది నీళ్ళు కావు. నల్ల, అంటే కుళాయి, నాలుగైదు రోజులకోసారి వస్తుందనీ, మిగతా రోజులు బడి దగ్గర బోరింగు కొట్టి తెచ్చుకోవాలనీ చెప్పింది. సొట్టలు పడ్డ రెండు బిందెలు గోడకు ఆనించి ఉన్నాయి.

ఎలా పోయాడని అడిగాను. రెండు నెలలు మంచంలో ఉన్నాడట. నదికి పోలేకపోయాడు. దాంతో ఆమెను పట్టుకున్నాడు.

"రోజు అడిగెటోడు, ఏం జూసినవే అని. నేనేం జూస్త సారూ? నెత్తిమీద బిందె ఉంటే కాళ్ళకాడి తొవ్వ తప్ప ఇంకేం కనబడ్తది? అబద్ధం జెప్పెటిదాన్ని. రామచిల్క అని ఒకనాడు, నెమలి అని ఒకనాడు. ఆయన పండుకోనే శరణు అనెటోడు."

ఇక ఆగలేకపోయాను. ఆయనకు చెప్పాల్సింది ఈమెకన్నా చెప్పాలి. ఆయనను ల్యాబు నుంచి తీసేసింది ఒక ఫిర్యాదు మీద అమ్మా, అది రాసింది నేనే, ఆయనకు చెప్పే ధైర్యం లేకపోయింది అన్నాను. ఒక్క ఊపిరిలో అనేశాను. అనేసి, ఆమె అరుస్తుందనో ఏడుస్తుందనో తల వంచుకుని కూర్చున్నాను.

"తెల్సు," అంది.

తలెత్తాను.

"గా నాడే క్లర్కు సద్వి జెప్పిండు. నీ పేరు గూడ సద్విండు. తలకాయ సక్కగ లేదని రాసినవంట గద."

ఆ రోజే! అంటే జాలీ దగ్గర్నుంచి వచ్చి నా చేతిలో సీసా తీసుకున్న పొద్దున ఆయనకు తెలుసు. నా కాలి బురద పోయేదాకా ఆగమని నేర్పినప్పుడు తెలుసు. కొంగ సంగతికి పొట్ట పట్టుకుని నవ్వినప్పుడు తెలుసు. తీతువు గుడ్ల కథ చెప్పి, నీళ్ళలోకి చూస్తూ అంతసేపు ఆగింది నా కోసం. నీళ్ళు తేటపడతాయేమోనని చూశాడు. నేను గుడ్ల గురించి అడిగాను. పదకొండేళ్ళు నేను దాచానని అనుకున్నది, ఆయన నా పక్కనే నిలబడి రోజూ చూస్తూ వచ్చాడు.

ఆమె మళ్ళీ చేట అందుకుంది. చెరుగుతూనే మాట్లాడింది. గొంతులో కోపం లేదు.

"ఆయన మాఫ్ జేసిండు. నీళ్ళల్ల నిలబడి షుకర్ జెప్పెటప్పుడు నీ పేరు గూడ జెప్పెటోడు, గా సారు నన్ను తల్లి కాడికి తోలిండు అని. ఇంట్ల గూడ గదే మాట. నేను మాఫ్ జెయ్యలే సారూ."

ఆమె చేటలో పప్పును ఒకసారి పైకెగరేసి పట్టింది.

"గా క్వార్టర్ల నల్ల ఉండె. ఇంట్లనే, పొయ్యి పక్కనే. నా పుట్టుకల ఇంట్ల నల్ల సూసింది గప్పుడే. తిప్పితే నీళ్ళు. మూడేండ్లు. గంతే." చేటలోంచి ఒక రాయి ఏరి పారేసింది. "ఆయన పొద్దుగాల నదికి పొయ్యి షుకర్ జెప్పి వస్తుండె. గాయన తానానికి, తాగెటందుకు నీళ్ళు మోసింది నేను."

ఎడ్లబండి మీద పోయిన ఇత్తడి బిందెలు నా కళ్ళ ముందు మెదిలాయి. వాళ్ళ క్వార్టరు పోయిందని నాకు ఎప్పుడూ తెలుసు. క్వార్టరంటే నాలుగు గోడలనుకున్నాను. పదకొండేళ్ళు పొద్దున్నే కొంగ కాలు మార్చటం చూశాను, సాలెగూటి మీద మంచుబొట్లు లెక్కపెట్టాను. గట్టు మీద ఈ మనిషి బిందె మోస్తూ పోతుంటే ఎన్నిసార్లు చూసి ఉంటాను! చూశానేమో కూడా. ఏ ఒక్క పొద్దునా, ఇవాళ ఇది చూశానని ఆయనకు చెప్పలేదు. ఆయన కూడా నన్ను అడగలేదు. ఆ మాట కూడా రాయాలి. నేను ఎంతగానో తలచుకునే ఆ మనిషి, చీమ నిద్ర చూసిన మనిషి, ఇంట్లో మెడ వంగటం చూశాడో లేదో నాకు తెలియదు. అడగటానికి ఆయన లేడు, ఆమెను అడిగే హక్కు నాకు లేదు.

మాఫ్ చెయ్యమని అడగలేదు. లేచి గోడ దగ్గరికి వెళ్ళి, ఒక బిందె తీసుకున్నాను. ఆమె చెరగటం ఆపలేదు.

బోరింగు దగ్గర ఐదారుగురు ఆడవాళ్ళున్నారు. ప్యాంటు వేసుకున్న ముసలాయన బిందె పట్టుకుని వచ్చేసరికి మాటలాపి చూశారు. ఒకామె కన్నడంలో ఏదో అంటే అందరూ నవ్వారు. వంతు వచ్చింది. కొట్టాను. నాలుగు దెబ్బలకే రొప్పు వచ్చింది. నీళ్ళు వస్తాయి, పోతాయి, దమ్ము ఆగితే గొట్టంలోకి జారిపోతాయి. నిండేసరికి భుజాలు పడిపోయాయి. ఎత్తుకోవటం చేతకాక పొట్టకు అదిమిపట్టుకుని నడిచాను. చొక్కా తడిసిపోయింది, బూట్లలోకి నీళ్ళు దిగాయి. నాకు తొవ్వ తప్ప, అడుగు ముందు దారి తప్ప, ఏమీ కనిపించలేదు. ఆమె చెప్పింది నిజమే.

అయినా అలవాటు చెడ్డది. బోరింగు కొట్టేటప్పుడు దాని కింద మడుగులో తేనెటీగలు చూశాను. తడి సిమెంటు అంచున వరసగా కూర్చుని, తోకలు పైకెత్తి, నీళ్ళు పీలుస్తున్నాయి. వాటి మీద కాలు పడకుండా ఆడవాళ్ళు అడుగు పక్కకేస్తున్నారు. అది ఆయనకు చెప్పాల్సిన సంగతి. పాసయ్యే సంగతి.

ఇంటికొచ్చి బిందె దించాను. సగం దారిలోనే ఒలికింది. ఆమె వంగి లోపల ఎన్ని నీళ్ళున్నాయో చూసింది. నేను ఊపిరి తిప్పుకుని, బోరింగు కాడ తేనెటీగలు నీళ్ళు తాగుతున్నాయమ్మా, వరసలో కూర్చుని తాగుతున్నాయి అన్నాను. ఎందుకన్నానో తెలియదు. ఆయన చెవులు ఆ ఇంట్లో ఇంకా ఉన్నట్టనిపించింది.

ఆమె నా మొహం వైపు చూడలేదు. గోడకున్న రెండో బిందెను కాలితో నా వైపు జరిపింది.

"సూసింది సాలు సారూ. గీ బిందె గూడ నింపుకరా."

తీసుకుని మళ్ళీ బయల్దేరాను.